అభ్యంతరాలుంటే సాయంత్రంలోగా

మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఉన్న టైపింగ్ దుకాణంలో కంప్యూటర్ గౌరయ్యది. దుకాణం, కుర్చీ, పని, పేరు ఆయన మరదలు దుర్గాబాయివి. పెట్టుబడి పెట్టినవాడికి సరుకు తెలిసి ఉండాలన్న రూలు ఏ బజారులోనూ లేదు. గౌరయ్య ప్లాట్లు అమ్ముకునే మనిషి. కంప్యూటర్‌ను కూడా హద్దురాళ్లు పాతిన జాగాలాగే చూసేవాడు.

వైరస్ తెలియని పేరుతో లోపల దాక్కుంటుందని కీసరలో ఎవరో ఆయన చెవిన వేశారు. మర్నాడు పొద్దున్నే వచ్చి దుర్గాబాయిని కుర్చీలోంచి లేపి కూర్చున్నాడు. విండోస్ ఫోల్డర్ తెరిచి ఒక్కో పేరూ సర్వే నంబరులా చదివాడు.

"గిదేంది దుర్గా, హైమెమ్ అట. మనోడేనా?"

"పేరు జూసి దొంగ అనొద్దు బావా. కుడి బటన్ నొక్కి తారీఖు జూడున్రి. సుట్టుపక్కల ఫైళ్లకూ దానికీ ఒకటే తారీఖు ఉన్నదంటే అది విండోస్‌తోనే వచ్చింది. ఇంటి దూలమన్నట్టు."

విత్తనాల సంచి కొన్నా ముందు ముద్ర, తారీఖు చూసే మనిషి ఆమె.

"తారీఖుదేముంది, ఎవడన్న ఏస్తడు. దొంగ పట్టాలు నేను జూడనియా?" అన్నాడు గౌరయ్య.

భూమి కొనేముందు అభ్యంతరాలు పిలుస్తూ పేపర్లో ప్రకటన ఇవ్వడం ఆయన వ్యాపారంలో ఆచారం. అదే పద్ధతిలో తెల్ల కాగితం మీద తనకు తెలియని ఫైళ్ల పేర్లన్నీ రాసి షట్టరుకు అంటించాడు: "ఈ ఫైళ్లపై ఎవరికైనా హక్కులు, అభ్యంతరాలు ఉంటే సాయంత్రంలోగా గౌరయ్యను కలవగలరు. తర్వాత వచ్చినవి చెల్లవు."

పక్కన సైకిల్ దుకాణం ముర్తుజా వచ్చి కాగితమంతా చదివాడు.

"గౌరయ్య సేట్, హైమెమ్ సాబ్ షామీర్‌పేట పోయిండేమో! జర ఆగున్రి, వాపస్ వస్తడు."

"నీకు ఎరుకనా వాడు?"

"నాకేడ ఎరుక సేట్!"

"మరింకేంది? ఊర్ల ఎవనికీ ఎరుక లేనోడు కబ్జాదారే."

దుర్గాబాయి పళ్లు బిగించి లెక్క వేసింది. బౌరంపేట బడి పరీక్ష పేపర్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. రేపు పొద్దున వాటి కోసం బడి నుంచి జనార్ధన్ సార్ వస్తాడు. మిషన్ చెడిపోతే బాగు చేయించొచ్చు. పేపర్లు పోతే బడి పని ఎదురు దుకాణానికి పోతుంది, మాట పోతుంది. మూర్ఖుడితో వాదిస్తే రాబడి సున్నా. గౌరయ్య చాయ్‌కి లేచిన సందులో పేపర్లన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించి టిఫిన్ డబ్బాలో దాచింది.

సాయంత్రమైంది. హైమెమ్ తరఫున ఎవరూ రాలేదు. గౌరయ్య ఫైళ్లను వరసగా తీసేశాడు. కొన్ని మాత్రం 'వాడకంలో ఉన్నాం, పోము' అన్నాయి.

"మొండికేసెటోడే అసలు దొంగ," అని వాటితో కాసేపు కుస్తీ పట్టి వదిలేశాడు. ఖాళీ చేయించిన జాగాలో చెత్త ఉండకూడదని రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేశాడు. మిషన్ ఆపి, మళ్లీ పెట్టాడు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: హైమెమ్ లేదు. ఆ తర్వాత మిషన్ కదల్లేదు.

"సూసినవా? పోయినంక గూడ పేరు జెప్పి బెదిరిస్తుండు!" అన్నాడు గౌరయ్య, గెలిచినవాడిలా.

దుర్గాబాయి తెల్లారకముందే ఫ్లాపీలతో షామీర్‌పేట వెళ్లి, తెలిసినవాళ్ల మిషన్ మీద పేపర్లు అచ్చు తీయించింది. జనార్ధన్ సార్ వచ్చేసరికి కట్ట సిద్ధం. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి, వచ్చే ఏడాది పని కూడా ఒప్పజెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత గౌరయ్య వచ్చాడు. షట్టరు మీద కొత్త కాగితం ఉంది. ముర్తుజా గొంతెత్తి చదివాడు: "ఈ దుకాణం కుర్చీలో గౌరయ్య అనే పేరు కనబడింది. ఏం పనికొస్తుందో తెలిసినవారు సాయంత్రంలోగా చెప్పగలరు. తర్వాత వచ్చినవి చెల్లవు."

"గిదేంది దుర్గా, పరాచికమా?"

"మీ పద్ధతే గద బావా. కూసోన్రి, ఎవలన్న వస్తరేమో జూద్దాం," అంటూ బయట బల్ల చూపించింది.

సాయంత్రం దాకా బస్సులు వచ్చాయి, పోయాయి. గౌరయ్య కోసం ఒక్కరూ దిగలేదు.