ఇద్దరం తిప్పిన చేప

చేపను పన్నెండు గంటలకోసారి తిప్పాలి. అంతే, పెద్ద విద్యేమీ కాదు. ముళ్ళు తీసిన సాల్మన్ సగాలు రెండింటికీ ఉప్పు, పంచదార, మిరియాల పొడి పట్టించి, మధ్యలో వాసనకి సోయకూర ఆకులు పరిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా చుట్టేస్తాం. పైన బరువు పెడతాం. నీరు ఊరి అడుగుకి దిగుతుంది. కింది సగం ఆ ఉప్పునీట్లో నానుతుంది, పై సగం ఊరికే కూర్చుంటుంది. అందుకే తిప్పడం.

ఇంత తెలిసిన నేను రైల్లో రెండు రోజులు ఆ చేప పక్కనే కూర్చుని దాన్ని నాశనం చేశాను.

సముద్రం ఒడ్డున ఒక హోటల్లో, చల్లని వంటకాలు చేసేచోట, ఒకే ఒక్క ఖాళీ ఉంది. "మాటలొద్దు. నువ్వు ఊరబెట్టిన చేప పట్రా, తిని చెప్తా" అన్నాడు అక్కడి చెఫ్ ఫోన్లో. నేను పనిచేసిన క్యాంటీన్ మూతపడి ఏడు నెలలైంది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ అన్నయ్య నా కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఈ ఉద్యోగం రాకపోతే మళ్ళీ వెళ్ళి ఆ కంచం ముందే కూర్చోవాలి.

తోడుగా వదిన బయల్దేరింది. చేపల కంపెనీలో పదేళ్ళు చేసిన మనిషి. ఆ పొద్దున నేను ఉప్పు కలుపుతుంటే వెనకనుంచి తొంగి చూసి, "ఇంకో గుప్పెడు పడాలి" అంది.

"ఇది నా ఉద్యోగం వదినా. అన్నిట్లో వేలు పెట్టకు."

"సరే తల్లీ. ఇక నా చెయ్యి తగిలితే ఒట్టు."

అక్కడితో మాటలు బంద్. రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. సీటు కింద థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసులో చేప, చేప మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన వదిన ఇస్త్రీపెట్టె. బరువుకి అది ముందే ఇచ్చింది కాబట్టి సరిపోయింది, గొడవయ్యాక అయితే అదీ దక్కేది కాదు.

నాకు కుదురు లేదు. కాలు కాలిన పిల్లిలా సీటుకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఐసు కరిగిందేమో, నీరు కారుతోందేమో, చెఫ్ మొహం చిట్లిస్తాడేమో. సాయంత్రం ఆరింటికి వదిన మొహం కడుక్కోవడానికి లేచింది. ఆమె అటు వెళ్ళగానే పెట్టె లాగి, పొట్లం తిప్పి, మళ్ళీ లోపలికి తోశాను. ఆమె ముందు చేస్తే ఏదో ఒకటి అంటుంది. అనకపోతే మరీ కష్టం. ఆ తర్వాత తలుపు దగ్గరికెళ్ళి గాలికి నిలబడ్డాను. మర్నాడు పొద్దున ఆరింటికీ అంతే, సాయంత్రమూ అంతే.

వచ్చి చూస్తే వదిన తనకేం పట్టనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఒక్కసారైనా "తిప్పావా?" అని అడగొచ్చుగా? అడిగితే కసిరేదాన్నే అనుకోండి. అయినా అడగాలి కదా!

మూడో రోజు పొద్దున రైలు దిగి, లాడ్జి గదిలో పొట్లం విప్పాను. పై సగం వేలు పెడితే దిగిపోయేంత పచ్చిగా ఉంది. కింది సగం బిగుసుకుపోయి నల్లబడింది. చిన్న ముక్క నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేశాను. ఒట్టి ఉప్పు.

"తిప్పాను కదా!" అని గోడలకు చెప్పినట్టు అరిచాను.

తల దువ్వుకుంటున్న వదిన చెయ్యి ఆగిపోయింది. "నువ్వు తిప్పావా?"

"మూడుసార్లు. నువ్వు మొహం కడుక్కోవడానికెళ్ళినప్పుడల్లా."

ఆమె మంచం మీద కూలబడింది. "నువ్వు తలుపు దగ్గరికెళ్ళినప్పుడల్లా నేనూ తిప్పానే. నువ్వు తిప్పడం చూళ్ళేదు. కోపంలో మర్చిపోయావనుకున్నా."

"ఒట్టు పెట్టావుగా!"

"ఒట్టు చూసుకుంటూ కూర్చుంటే నీ ఉద్యోగమో?"

నేను తిప్పడం, ఆమె మళ్ళీ తిప్పడం. చేప మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. తిడదామని నోరు తెరిచాను, ఎవర్ని తిట్టాలో తెలియలేదు. వదిన లేచి, నన్నడక్కుండానే, ఉప్పు సగాన్ని చన్నీళ్ళలో వేసింది. నేను ఊరుకున్నాను. గంట నానాక పల్చగా కోశాను.

చెఫ్ నిలబడే తిన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. "బానే ఉంది. దీని జత ఏది?"

రైల్లో తినేశాం అనే అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ ఉద్యోగం వచ్చాక రోజూ దానికి కాపలా కాయడం నావల్ల కాదు. పచ్చి సగం తీసి బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. వదిన గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడింది.

చెఫ్ నవ్వలేదు. "ఇక్కడ ఆరుగురం పనిచేస్తాం. ఉప్పు వేసినా, చేప తిప్పినా, మంట తగ్గించినా పైకి చెప్పాలి. పక్కవాడంటే ఎంత మంటున్నా చెప్పాల్సిందే. నోరు తెరిచి చెప్పగలవా?"



"దానికి నోరు లేకపోవడమా సార్?" గుమ్మంలోంచి వదిన అందుకుంది. "ఏడేళ్ళుగా పడుతున్నా! రెండు రోజులు మూసుకుందంటే తప్పు నాది. ముందు మూతి ముడుచుకున్నది నేనే."

చెఫ్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "నెల రోజులు చూస్తా. సోమవారం రా."

బయటికొచ్చాక వదిన నా కోసం ఆగకుండా గబగబా నడిచిపోతోంది. "వదినా" అన్నాను. రెండు రోజుల తర్వాత అదే మొదటిసారి పిలవడం. ఆమె ఆగింది. తప్పు నీది కాదు, నాదని చెబుదామనుకున్నాను. నడిరోడ్డు మీద భోరుమని ఏడ్చేశాను.