పగులులో పొడి

నా భార్య రెబ్కా పెళ్లికి ముందు గుంటూరు యార్డులో మిరపకాయ బస్తాలు తొక్కేది. కాయ పోసి, కుదిపి, తొక్కితే బస్తా గట్టిపడుతుంది. ఆ నమ్మకాన్నే చీమకుర్తి క్వారీకి తెచ్చుకుంది. మందు పేలాక కొండ ముఖాన ఉన్న పెద్ద పగులులోంచి పొడి జలజల రాలేది. రాలడం ఆగితే కొండ సర్దుకుందనేది. తట్ట తీసుకుని అందరికంటే ముందు దిగేది. మిగతా ఆడవాళ్లు ఆమె వెనకే.

పోయిన వేసవిలో అలాగే దిగింది. పగులుకి పైనున్న బండలో ఒక పెద్ద ముక్క జారి ఆమె మీద పడింది. వెనకవాళ్లు ఇంకా గట్టు మీదే ఉన్నారు, బతికారు.

తర్వాత శ్రీదుర్గ అనే రాళ్ల ఇంజనీరు వచ్చి పగులు చూసింది. రెండు బండల మధ్య నలిగిన పొడి ఉందని చెప్పింది. కదపకుండా ఉంటే గింజకి గింజ ఆనుకుని పైబరువంతా మోస్తాయట. అదిరితే ఆ పట్టు వదులుతుంది, గింజలు దొర్లుతాయి, పైబండ వాటి మీద జారుతుంది. భూకంపం వచ్చేచోట నేల అడుగున జరిగేదీ ఇదేనంది. జారిన ప్రతిసారీ పొడి ఇంకా నలుగుతుందట. రాసిచ్చి వెళ్లిపోయింది. ఎవరూ చదవలేదు.

ఇప్పుడు అదే పగులు కింద నా కూతురు మహిమ రాతి చిప్స్ ఏరుతోంది. పని ఇప్పించింది రెబ్కా తమ్ముడు బెన్నీ, అక్కడ మేస్త్రీ. తల్లి లేని పిల్లకి దారి చూపించానని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పుకున్నాడు. జనం హల్లెలూయా అన్నారు. నేను లేచి బయటికి వచ్చాను.

నిన్న మందు పెట్టే ముందు వెళ్లి పగులు కింద కూర్చున్నాను. నేనుంటే పేల్చరు కదా.

"ఏం బావా, కొండకి కాపలా ఉంటున్నావా?" అన్నాడు బెన్నీ. అందరూ నవ్వారు.

మహిమ వచ్చి నా పక్కన కూర్చుంది. నవ్వలేదు.

"పడాల్సింది అమ్మ మీద పడిపోయింది నాన్నా. మళ్లీ ఎందుకు పడుతుంది?"

"బస్తాకి చుట్టూ గోనె ఉంటుంది. ఈ పగులుకి ఒకపక్క ఏముంది, ఖాళీయే కదా?" అన్నాను.

పని మానమన్నాను. మానితే ఇంకెక్కడికి పోవాలో చెప్పమంది. నా దగ్గర ఊరి పేరు కూడా లేదు.

చెయ్యి పట్టుకుని లేపింది. తల్లి కంటే బలం దానికి. లారీల దారి దాకా నడిపించి, ఎండగా ఉంది, ఇంటికెళ్లమని చెప్పి వెనక్కి వెళ్లింది.

మందు పేలింది. కాసేపటికి తట్టల చప్పుడు వినిపించింది. నేను నిలబడ్డ చోటి నుంచి కొండ ముఖం కనపడదు. బండలు వేసుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒక్కోటి పోతుంటే నా కాళ్ల కింద నేల అదురుతోంది. ఆపమని అడగడానికి ఎవరూ లేరు.