లూకా సావ్విచ్ గుర్రం దిగలేదు

స్వీడన్ రాయబారికి ఎదురెళ్ళి మాస్కోలోకి తీసుకురమ్మని మా ఆయనకు రాయబారుల కచేరీ నుంచి తాఖీదు వచ్చింది. మా అత్తగారు చలికాలం పడకకని పొయ్యి మీదే కట్టిన అరుగు మీద పడుకునే ఏడుపు మొదలుపెట్టింది.

"అయిపోయింది. మూటలు కట్టుకోండి. సైబీరియాలో ఆ తొబోల్స్క్‌లో ఉల్లిపాయలు కూడా పండవంట," అంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. కిందటేడు మా ఎదురింటి ఎవ్‌స్తాఫీగారు పోలండు రాయబారికి ఇలాగే ఎదురెళ్ళారు. అక్కడ ఇద్దరూ ఒక్కసారే గుర్రాలు దిగాలి. ఎవరి కాలు ముందు నేలకు తగిలితే వాళ్ళ రాజు తక్కువవాడైనట్టు లెక్క. ఎవ్‌స్తాఫీగారి బూటు రెప్పపాటు ముందు తగిలింది. నెల తిరక్కుండా ఆయన్ని, భార్యని, నలుగురు పిల్లల్ని సైబీరియాకు తోలేశారు. ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశారు. ఇప్పుడు వాళ్ళ వసారాలో ఎవరో ఒకావిడ తన లంగాలు ఆరేసుకుంటోంది. కిటికీ తెరిస్తే చాలు, నాకు అవే కనపడతాయి.

పైగా మా ఆయన సంగతి నాకు తెలుసు. లూకా సావ్విచ్ మంచివాడే గాని ఏ పనైనా కాస్త ముందుగా చేసేస్తాడు. గుడిలో పాద్రి నోరు తెరవకముందే శిలువ గుర్తు వేసుకుంటాడు. సూపు బల్ల మీదికి రాకముందే చెంచా నోట్లో పెట్టుకుంటాడు. మా పెళ్ళిలో అడగకముందే ఒప్పుకున్నాడు.

అందుకని ఇంట్లోనే సాధన పెట్టించాను. ఆయన ఒక బల్ల మీద, ఎదురుగా క్యాబేజీ పీపా మీద స్వీడన్ రాయబారిగా అత్తగారు. మొదటిసారి ఆయనే ముందు దిగాడు. రెండోసారీ అంతే.

"ఒరేయ్, నేను తుమ్మితే దిగుతావేంట్రా?" అంది అత్తగారు.

"నువ్వు కదిలావనుకున్నానమ్మా."

"కదిలితే దిగడమా! నీ పెళ్ళాం మొహం చూడు. ఆ పిల్లని మంచుగడ్డల పాలు చేస్తావా?"

మూడోసారి ఆయన బిగదీసుకుని కూర్చున్నాడు. అత్తగారూ మొండిది. సాయంత్రం ప్రార్థన గంటలు కొట్టేదాకా ఇద్దరూ కాళ్ళు గాలిలో పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి ఆవిడే కాలు నొప్పి భరించలేక దిగింది. మా ఆయన మొహంలో ఆ వెలుగు పెళ్ళిలో కూడా చూడలేదు నేను. ఆయనకు పాఠం మరీ బాగా ఒంటపట్టిందని నాకప్పుడు తోచలేదు.

ఆ రోజు పొద్దున్నే ఖజానా నుంచి తెచ్చిచ్చిన జరీ అంగీ తొడుక్కుని, చక్రవర్తి గుర్రపుసాలలోని తెల్లగుర్రమెక్కి, త్వేర్ ద్వారం అవతల పొలాలకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగిరావాలి. మధ్యాహ్నానికి ఒక తుపాకీ బంటు వచ్చాడు.

"అమ్మగారూ, మీ ఆయనింకా దిగలేదు. ఆకలేస్తోందట. మీ చేత్తో పెడితేనే తింటాడట."

"రాయబారి?"

"ఆయనా దిగలేదు. ఇద్దరూ కుడికాలు రికాబులోంచి తీసి గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. చూడ్డానికి బాగుంది."

పెద్ద ఉపవాసాల రోజులు, వెన్నా మాంసం ముట్టకూడదు. పుట్టగొడుగులు కూరిన పిరోగ్ రొట్టె గుడ్డలో చుట్టుకుని మంచుబండెక్కాను.

పొలం మధ్యలో రెండు గుర్రాలు, మూతీ మూతీ ఆనించుకుని, హాయిగా ఉన్నాయి. ఒకదాని మీద మా ఆయన. రెండోదాని మీద స్వీడన్ రాయబారి. ఎండిన చేపలాంటి ముసలాయన, ముక్కు మాత్రం ఎర్రగా ఉంది.

"ఏమండీ, కాస్త వంగండి, అందిస్తాను," అన్నాను.

కచేరీ గుమస్తా పఫ్నూతీగారు మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు. "వంగకూడదమ్మా! వంగితే నమస్కారం చేశాడని వాళ్ళు రాసుకుంటారు!"

"మరి నేనెలా అందుకోను?"

"మీరు పైకి రండి."

మంచుబండి మీద పీపా పెట్టించుకుని, దాని మీద నిలబడి, మా ఆయనకు ముద్ద ముద్దగా తినిపించాను. జరీ అంగీ మీద మరక పడితే ఖజానావాళ్ళు ఊరుకోరు కనక గడ్డం కింద నా తలగుడ్డ పట్టాను.

"కాళ్ళు తిమ్మిరెక్కలేదా?"

"మాట్లాడించకు. వాడు నా బూటు వైపే చూస్తున్నాడు."

"ఎన్నాళ్ళిలా?"

"వాడు దిగేదాకా. అమ్మనే దింపాను, వీడెంత!"

అటువైపు నిచ్చెనేసుకుని ఒక లావాటి ఆడమనిషి ముసలాయనకు సాసేజి ముక్కలు పెడుతోంది. వంటమనిషి, పేరు బ్రీతా. సరిహద్దులోని నార్వా ఊరిది కావడంతో మన మాట బాగా వచ్చు.

"ఏం వదినా, మీవాడూ ఇంతేనా?" అంది నిచ్చెన మీంచి.

"ఇంతకుముందు ఇలా ఉండేవాడు కాదమ్మా. మేమే నేర్పాం."

"మావాడు పుట్టుకే అంత. దిగితే అక్కడ వాళ్ళ రాణిగారు ఊరుకోరట. ఏదో దీవికి పంపేస్తారట, గొర్రెలు తప్ప మనుషుల్లేని చోటికి."

"మాకు తొబోల్స్క్."

"గొర్రెలున్నాయా అక్కడ?"

"ఉల్లిపాయలు కూడా లేవట."

బ్రీతా అయ్యో అంటూ ఒక సాసేజి ముక్క నావైపు చాచింది. ఉపవాసమని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను గాని, వాసన చూసి మా ఆయన కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పఫ్నూతీగారు, స్వీడన్‌వాళ్ళ రాతగాడు కలిసి ఎన్నో దారులు వెతికారు. తివాచీ పరుద్దామన్నారు. ఎవరి తివాచీ అన్న దగ్గర చెడింది. ఇద్దరి కాళ్ళకిందా పీటలు వేద్దామన్నారు. వడ్రంగిని పిలిపించారు. దారంతో కొలిస్తే ఒక పీట వేలెడు ఎత్తు తేలింది. దాన్ని కోస్తే అది పొట్టయింది. రెండోది కోశారు. సాయంత్రానికి రెండు పీటలూ పలకలయిపోయాయి. వడ్రంగి రంపం పారేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మంచు కురిసింది. మూడోరోజు పొద్దున నేను వెళ్ళేసరికి గుర్రాల మోకాళ్ళదాకా పేరుకుని ఉంది. ఇద్దరు మగవాళ్ళ టోపీల మీదా తెల్లటి రొట్టెల్లా మంచు. దులుపుకోవడానికి టోపీ తీస్తే మర్యాద చేసినట్టవుతుంది కనక ఎవరూ తియ్యలేదు. మా ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే కాసేపటికి గాని పలకలేదు. ఇక్కడ చస్తే నేను విధవని, దిగితే సైబీరియా.

బ్రీతా నా పక్కకొచ్చి నిలబడింది. "ఇంకో రెండు మూరలు కురిసుంటే బాగుండేది వదినా. వీళ్ళు దిగక్కర్లేకుండా నేలే పైకొచ్చేది."

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. నేను బంట్ల దగ్గరికెళ్ళి ఒక పార లాక్కున్నాను. తనూ ఒకటి తెచ్చుకుంది. నేను మా ఆయన కాలికింద, తను వాళ్ళ రాయబారి కాలికింద మంచు పొయ్యడం మొదలుపెట్టాం.

"ఆగమ్మా!" పఫ్నూతీగారి కేక. "మనవాడికి ముందు తగిలితే మన కొంప మునిగినట్టే! వాడికింద పొయ్యండి, వాడికింద!"

మా బంట్లు నలభైమంది పారలు పట్టుకుని స్వీడన్ రాయబారి మీదికి పోయారు. అది చూసి స్వీడన్‌వాళ్ళు మా ఆయన కాలికింద పొయ్యడానికి వచ్చారు. వాళ్ళు పోసింది మావాళ్ళు ఎత్తేసి అటు పోస్తారు. మావాళ్ళు పోసింది వాళ్ళు ఎత్తేసి ఇటు పోస్తారు. మధ్యాహ్నందాకా అదే మంచు అటూ ఇటూ తిరిగింది. ఒక్క గుర్రాలే కాస్త వెచ్చబడ్డాయి.

"చాలు!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. "మా ఆయన కాలికింద మంచు ఎత్తేసేవాణ్ణి ఈ పారతోనే కొడతాను. బ్రీతా, నువ్వూ అటు అదే చెప్పు. మూడనగానే ఇద్దరం చివరి పార వేద్దాం. ఏమండీ, మూడన్నాకే కాలు దించాలి. రెండన్నప్పుడు కాదు. వింటున్నారా?"

"వింటున్నా," అన్నాడు.

"ఒకటి. రెండు..."

రెండుకే ఇద్దరి కాళ్ళూ మంచులోకి దిగబడి ఉన్నాయి. ఎప్పుడు దిగబడ్డాయో ఎవరూ చూడలేదు, అందరూ నా నోటివైపు చూస్తున్నారు.

"ముందు మీదే తగిలిందా?" అని పఫ్నూతీగారు అడిగాడు.

"ఏమో. కాలు నాదో గుర్రందో తెలియడం లేదు," అన్నాడు మా ఆయన.

అటు ముసలాయన్నీ వాళ్ళ రాతగాడు ఇదే అడుగుతున్నాడు. ఆయన ఏదో గొణిగాడు.

"మోకాలి కింద తనకేమీ లేదంటున్నాడు," అంది బ్రీతా.

గుమస్తాలిద్దరూ పొట్లాటకు దిగబోయారు. అంతలో పఫ్నూతీగారు ఆగిపోయాడు. వంగి గుప్పెడు మంచు తీసి చూశాడు. వాసన చూశాడు.

"ఇది నేల కాదు," అన్నాడు మెల్లగా. "చక్రవర్తి భూముల పుస్తకంలో మంచు ఎక్కడా రాసిలేదు. నేల కానిదాని మీద కాలు పెడితే దిగినట్టెలా అవుతుంది?"

స్వీడన్ రాతగాడు ఆయన్ని కౌగిలించుకున్నాడు. అక్కడికక్కడే రెండు కాగితాలు రాశారు. ఇరువైపులా ఎవరూ గుర్రం దిగలేదు, ఇద్దరూ గుర్రాల మీదే ఉన్నారు అని. ఆ తర్వాత ఇద్దర్నీ మంచులోంచి దుంగల్లా లాగి, నేల తగలకుండా బళ్ళలో వేసుకుని ఊళ్ళోకి తీసుకుపోయారు.

మా ఆయన వారం రోజులు కాళ్ళు దగ్గరికి తీసుకోలేకపోయాడు. అత్తగారు పొయ్యి అరుగు మీద తన చోటు ఇచ్చింది. వంతులవారీగా పెద్దబాతు కొవ్వుతో కాళ్ళు రుద్దాం. రాయబారి తన పనేదో చూసుకుని వెళ్ళిపోయాడని విన్నాం. తెల్లగుర్రాన్ని సాలకు తోలుకుపోయారు. నేను కిటికీ తెరిచి ఎదురింటి లంగాల వైపు చూసి, మొదటిసారి నవ్వుకున్నాను.

మంచు కరిగిన వారానికి వచ్చాడు కచేరీ మనిషి. గుమ్మంలో నిలబడి కాగితం చదివాడు. చక్రవర్తిగారి మంచును పరాయివాడి కాళ్ళకింద పోయించినందుకు లూకా సావ్విచ్‌ను కుటుంబంతో సహా తొబోల్స్క్ పంపవలసింది. వీధిలో బండి సిద్ధంగా ఉంది.

అత్తగారు గోడకు చేరగిలబడిపోయింది. మా ఆయన, ఎప్పటిలాగే, ఎవరూ రమ్మనకముందే అరుగు మీంచి కాలు దించబోయాడు.

"దించకండి!" అన్నాను. కచేరీ మనిషి వైపు తిరిగాను. "బాబూ, ఆయన గుర్రం దిగినట్టు మీ కచేరీలో కాగితం ఉందా?"

అతను తన కట్టంతా తిరగేశాడు. "దిగలేదనే ఉందమ్మా. గుర్రం మీదే ఉన్నట్టుంది."

"మరి గుర్రం మీదున్న మనిషిని బండెలా ఎక్కిస్తావు?"

"ఆయన పొయ్యి మీదున్నారు కదా?"

"నీ కాగితంలో పొయ్యి ఉందా?"

అతను మళ్ళీ చూశాడు. లేదు.

"దిగమనండి, అయితే," అన్నాడు దిగాలుగా.

"స్వీడన్ రాయబారి దిగకుండానా?" మా అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. "మన చక్రవర్తిని తక్కువ చెయ్యమంటావా? నీ పేరేంటి నాయనా, రాసుకుంటాం."

అతను పేరు చెప్పలేదు. టోపీ తీసి, అరుగు మీద వేలాడుతున్న మా ఆయన కాళ్ళకు ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. స్వీడన్‌కు ఉత్తరం రాశారట, రాయబారిని మళ్ళీ పంపమని. ఆ ముసలాయన అక్కడ భోజనాల గదిలో ఎత్తైన కుర్చీ మీద కూర్చుని, గొర్రెల దీవికి వెళ్ళకుండా హాయిగా ఉన్నాడని, దిగే ఉద్దేశమేమీ లేదని జవాబు రావడానికి ఏడాది పట్టింది.

మళ్ళీ రాశారు. ఈలోగా, కాగితం ప్రకారం ఇంకా ఆయన కిందే ఉన్న తెల్లగుర్రానికని సాలవాళ్ళు వారానికో బస్తా ఓట్సు గింజలు తెచ్చి మా గుమ్మంలో పెడుతున్నారు. వాటితో మా ఆయనకు జావ కాచి పెడుతున్నాను. వాళ్ళు వచ్చే రోజున పొద్దున్నే లేచి, ఆయన్ని అరుగెక్కించి, గుమ్మంలో బస్తా పడ్డ చప్పుడయ్యేదాకా, ముందే దించెయ్యకుండా పక్కనే నిలబడి కాలు పట్టుకుంటాను.