నవ్వు లేని బుధవారం ఆట

తప్పులుంటే దిద్దుకుని చదవండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది.

పాత సినిమా హాలులో గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడను అందరూ గేటక్క అనేవారు. పైన క్యాబిన్‌లో బొమ్మ వేసే ఆపరేటర్ ఆమెకు స్వయానా మరిది. బుధవారం మ్యాట్నీకి హాలువాళ్ళ సొంత రీళ్ళే, పాత నలుపు తెలుపు సినిమాలు వేసేవారు. జనం పట్టుమని పదిమంది ఉండరు. గేటు మూసేసి గేటక్క బాల్కనీ వెనక వరసలో, క్యాబిన్ గోడకు ఆనుకుని కూర్చునేది. కిర్రుమనే చెక్క కుర్చీ, తల మీదుగా పోయే వెలుగు చారలో దుమ్ము. ఆ రెండు గంటలూ మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చేది కాదు.

ఆమెకు ప్రాణమైన సినిమా ఒకటుంది. అందులో కథానాయిక పడవ ఎక్కబోయి బురదలో జారి, పక్కున నవ్వుతుంది. ఆ నవ్వు అవగానే గేటక్క గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది. మరిది బొమ్మ ఆపి, రీలు వెనక్కి లాగి, ఆ నవ్వు మళ్ళీ చూపించేవాడు. జనం ఈలలు వేసేవారు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

ఒక బుధవారం కథానాయిక జారింది. నవ్వకుండానే పడవలో కూర్చుంది.

గేటక్క కుర్చీలో ముందుకు వంగింది. నవ్వేదీ?

ఆ రోజు నుంచి మరిది మీద ఓ కన్నేసి ఉంచింది. క్యాబిన్‌కి లోపల గడియ ఎందుకు? జేబులో ఆ కత్తెరేమిటి? మెట్ల మీద తను కనబడగానే రేకు డబ్బా వీపు వెనక్కి పోతుందేం? పైగా కొత్త చొక్కా!

"చొక్కా మెరిసిపోతోందే! ఎక్కడిదయ్యా?"

"మా ఆవిడ కొన్నది వదినా. అందులోనూ అనుమానమేనా?"

"నేనేమన్నానని అంత ఉలికిపాటు?"

ఇంతలో యజమాని ఆమెను పిలిచాడు. "మీ మరిది రీళ్ళు కోసి ముక్కలు అమ్ముకుంటున్నాడట. నువ్వే చూసి చెప్పు. నిజమైతే ఆ రోజే పంపించేస్తా."

తర్వాతి బుధవారం ఇంటర్వెల్‌లో ఆమె మెట్లెక్కి తలుపు దబదబా బాదింది. తలుపు తీసిన మరిది ముందు చెయ్యి చాపింది.

"ఆ డబ్బా ఇటివ్వు."

"వద్దు వదినా."

"ఇస్తావా, యజమానిని పిలవనా?"

డబ్బా నిండా వేలిగోరంత ముక్కలు. ఒకటి దీపానికి పట్టి చూసింది. నవ్వే. ఇంకొకటీ అదే నవ్వు.

"ఎవరికి అమ్ముతున్నావురా దొంగా?"

"గోరంత ముక్కలు ఎవరు కొంటారు వదినా? ముసలి రీలు. నువ్వు గోడ కొట్టినప్పుడల్లా ఆపి వెనక్కి లాగితే అక్కడే చిరిగేది. చిరిగినంత కోసేసి, మిగిలింది అతికించేవాణ్ణి. కొంచెం కొంచెంగా తరిగి, చివరికి నవ్వంతా ఇలా డబ్బాలోకి వచ్చేసింది."

"ఒక్క మాట చెప్పి ఏడవచ్చుగా!"

"చెబితే కొట్టడం మానేస్తావు. అన్నయ్య పోయాక నువ్వు నవ్వగా నేను విన్నది ఈ గోడ వెనక నుంచే."

గేటక్క డబ్బా తీసుకుని నేరుగా యజమాని గదికి వెళ్ళింది. "దొంగ దొరికింది బాబూ. మీ గేటు దగ్గరే కూర్చుంటుంది," అని జరిగిందంతా చెప్పింది.

ఆయన ఒక ముక్కను కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. పూర్తిగా నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. "సరే, అతణ్ణి ఉండమను. నువ్వు మాత్రం ఆ గోడ జోలికి పోకు," అన్నాడు.

మళ్ళీ ఆ సినిమా వేసిన రోజు గేటక్క రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కథానాయిక జారింది. పడవలో కూర్చుంది. వెనక వరసలోంచి పక్కున నవ్వు వినిపించింది. పదిమందీ తిరిగి చూశారు.

గోడ అవతల నుంచి రెండు దెబ్బలు.

ఇట్లు,
బుల్లక్క, ఆపరేటర్ భార్యను. డెబ్బై ఒకటి నిండాయి. మా ఆయన పోయాక హాలు వెనక గదిలో గేటక్కతోనే ఉంటున్నాను.