వీణ తల్లి సాక్ష్యం

ఉల్లిపాయలు తరగడం నా వంతు. ఆదివారం కూటానికి ధర్మవరం నుంచి హిందూపురం దాకా బస్సులో నిలబడి వచ్చినా సరే, రేకుల షెడ్డు వెనక పొయ్యి దగ్గరే నా ఆరాధన. మగవాళ్ళు లోపల చాపల మీద కూర్చుని పరలోకం సంగతులు వింటుంటారు. వాళ్ళకు ఆకలేసే వేళకు ప్రేమవిందు సిద్ధం కావాలి. ప్రేమ అందరిదీ, గిన్నెలు తోమేది మాత్రం మేము. ఈ మాట మా ఆయన దానియేలుతో ఒకసారి అన్నాను. "సేవలో గొణగగూడదు. గొణిగితే దీవెన పోతాది" అన్నాడు.

ఇంట్లోనూ అంతే. మగ్గం మీద కూర్చునేది ఆయన, పట్టు కండెలు చుట్టేది నేను. చీర ఎవరు నేశారని షావుకారు అడిగితే "నేనే" అంటాడు. మా అత్త దాసమ్మ అయితే "ఊరికే కూచోని దారం తిప్పేది గూడా ఒక పనేనా?" అంటుంది. అయినా ఆ కండెల బుట్ట నాకు బాగా పనికొచ్చింది. అందులో మగవాళ్ళు చెయ్యి పెట్టరు. వీణ మాత్రలు అందులోనే దాస్తాను.

వీణ నా కూతురు. ఆరేళ్ళది. ఆడుకుంటూ ఆడుకుంటూ కళ్ళు తేలేసి పడిపోయేది. మూర్ఛ. డాక్టరు మాత్రలు రాసి, ఒక్క పూట కూడా మానవద్దన్నాడు. వాటితో బిడ్డ తేరుకుంది. అప్పుడొచ్చాడు ఉదయ్ కుమార్ అయ్యగారు. తనను తాను ప్రవక్తనని చెప్పుకుంటాడు. వీణ నెత్తిన నూనె పోసి, "దయ్యం పోయింది. ఇంక మాత్ర మింగితే దేవుణ్ణి నమ్మనట్లే" అన్నాడు. ఆ రోజే మా ఆయన మాత్రలన్నీ మురుగుకాలువలో పారేశాడు. నేను అడ్డం పడితే, "నీ అపనమ్మకమే బిడ్డకు రోగమై పట్టుకుండాది" అన్నాడు. నా అపనమ్మకమట! పెనుకొండలో మా అవ్వ ఒళ్ళో కూర్చుని ప్రార్థన నేర్చుకున్నదాన్ని నేను. కరువులో గొర్రెలన్నీ చచ్చిపోయినా మా నాయన యేసయ్యను వదల్లేదు. గొర్రెతోలు కప్పుకొని వచ్చే అబద్ధ ప్రవక్తల సంగతి వాక్యంలోనే ఉంది కదా, ఎదురుగా వచ్చి నిలబడితే వీళ్ళెవరికీ ఎందుకు కనబడదు?

గొడవపడే బలం లేక దొంగతనం మొదలుపెట్టాను. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బుతో మళ్ళీ మాత్రలు కొని, రోజూ ఒకటి బెల్లంముక్కలో దాచి బిడ్డ నోట్లో పెడతాను. పెట్టేముందు కళ్ళు మూసుకుని, "డాక్టరుకు ఆ తెలివిచ్చింది నువ్వే కదా తండ్రీ, నా బిడ్డను కాపాడు" అని వేడుకుంటాను. బిడ్డకు మళ్ళీ మూర్ఛ రాలేదు. ఆ మహిమంతా అయ్యగారి ఖాతాలో పడింది. పోయిన నెల నన్ను నెత్తిన ముసుగేసి స్టేజీ మీద నిలబెట్టి, మా ఆయన బట్టీ పట్టించిన సాక్ష్యం చెప్పించారు. మాత్రలు మానేశామని, దేవుడు ముట్టి బాగుచేశాడని చెప్పాను. ఆ వీడియో ఫోన్లలో ఊరూరూ తిరిగింది.

ఈరోజు ఉల్లిపాయలు తరుగుతుంటే, గోరంట్ల నుంచి వచ్చిన మంజు అనే అమ్మాయి నా పక్కన కూలబడింది. ఒళ్ళో చిన్న పాప. పాప నుదుటి మీద పచ్చి గాయం.

"అక్కా, నీ సాక్ష్యం చూసే మా పాపకు గూడా మూర్ఛ మాత్రలు మానిపిచ్చినా. నిన్న పొయ్యికాడ పడినాది. అయ్యగారినడిగితే నా నమ్మకం చాల్లేదంటాండాడు. నువ్వెట్ల నమ్మినావో నాకూ రోంత నేర్పియ్యక్కా."

నా చెయ్యి ఆగిపోయింది. నిజం చెబితే ఆమె పోయి అయ్యగారిని అడుగుతుంది. అది మా ఆయన చెవిన పడుతుంది. ఇల్లంతా వెతికి కండెల బుట్ట బోర్లిస్తాడు. నా బిడ్డ పడిపోతుంది. చెప్పకపోతే ఈమె బిడ్డ. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడుపొచ్చింది. ఉల్లిపాయల ముందు కూర్చున్నదాన్ని కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

"వీణ తల్లి రావాలి!" మైకులో అయ్యగారి గొంతు. మా నాయన పెట్టిన హేమావతి అనే పేరు ఈ షెడ్డులో ఎవరికీ తెలియదు. మా ఆయన గబగబా వచ్చాడు. "యాడ చూస్తాండావు? లేయ్. పోయినసారి చెప్పిందే చెప్పు, ఇంగ రోంత ఏడ్చి చెప్పు."

స్టేజీ ఎక్కాను. ముందు వరుసలో మా అత్త ఒళ్ళో వీణ నిద్రపోతోంది. రేపటి నుంచి మాత్రలు ఎక్కడ దాచాలో, అసలు ఆ ఇంట్లో నన్ను ఉండనిస్తారో లేదో తెలియదు. బిడ్డను నాతో పంపుతారో లేదో అంతకన్నా తెలియదు. నా దేవుడు నన్ను వదల్లేదన్న నమ్మకం ఒక్కటే ఉంది. ఆ నమ్మకం మా ఆయన చెయ్యి పట్టుకొని ఆపదని కూడా తెలుసు.

వెనక స్తంభం దగ్గర మంజు నిలబడి ఉంది. నేను చెప్పేది ఒక్క ముక్క పోకుండా నేర్చుకోవాలన్నట్టు పెదాలు కదుపుతోంది.

"నా బిడ్డ బాగుండాది" అన్నాను.

"ఆమెన్!" అన్నారు జనం.

"దేవుడే కాపాడినాడు."

"ఆమెన్!"

"దినామూ మాత్ర ఇస్తాండా. ఈ పొద్దు గూడా ఇచ్చినా."

అలవాటు కొద్దీ దానికీ అందరూ "ఆమెన్!" అన్నారు. మంజు ఒక్కతే అనలేదు. పాపను భుజానికెత్తుకొని, జనాన్ని తోసుకుంటూ వాకిలి వైపు పరుగెత్తింది.