కనకమ్మ పెంచిన ఒడ్డు

నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారికి కాస్త ఎడంగా ఒక వాగుంది. దాని వెంట ఉన్న మామిడితోటను అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు ఎగువ ముక్క తమ్ముడికి, దిగువ ముక్క అన్న వీరభద్రరావుకు వచ్చాయి. అప్పట్లో రెండు ఒడ్లూ ఒకేలా, గేదెలు తొక్కి తొక్కి బోడిగా ఉండేవి.

అరవైమూడు వేసవి నాటికి పంపకాలై అయిదేళ్ళు. ఎగువ వైపు చూస్తే చాలు, వీరభద్రరావు భార్య సుబ్బరత్నమ్మకు కడుపు రగిలిపోయేది. తోడికోడలు కనకమ్మ తన ఒడ్డు పొడవునా తుమ్మకంప కట్టించి, పశువుల్ని రానివ్వకుండా, గడ్డి కోయించి దొడ్లోనే మేపింది. "వాగుకి కంచేంటో, చోద్యం!" అని అప్పట్లో ఊరినంతా నవ్వించింది సుబ్బరత్నమ్మే. ఇప్పుడక్కడ నడుమెత్తు వట్టివేళ్ళ దుబ్బులు. వైశాఖంలోనూ మడుగులో తేటనీళ్ళు, చేపపిల్లలు. ఇక్కడ తన ఒడ్డు ఏటేటా విరిగి చెట్ల వేళ్ళు బయటపడుతున్నాయి. చెలమ తవ్వితే బురద.

"చిన్నమ్మగారి ఒడ్డు ఎంత పచ్చగా ఉందో చూశారా అమ్మా?" అంది గడ్డి కోసే మగ్దలేనమ్మ.

"నీళ్ళన్నీ పైనే ఆపేసుకుంటే పచ్చగా ఉండదూ!"

"ఆపడమేంటండీ, ఆ గడ్డి వేళ్ళు మట్టిని పట్టుకున్నాయి. మీరూ రెండేళ్ళు గేదెల్ని కట్టేసి చూడండి."

కట్టేయొచ్చు. కానీ కనకమ్మను చూసి కట్టేసినట్టవుతుంది. ఆ మాట సుబ్బరత్నమ్మకు మింగుడుపడలేదు.

అందరూ కాయ కోతల్లో ఉన్న ఒక మధ్యాహ్నం ఆమె కర్రతో కంప పక్కకు లాగి, తన ఎనిమిది గేదెల్నీ లోపలికి తోలింది. వరసగా నాలుగు రోజులు అదే పని. గడ్డి మొదలంటా పోయింది. ఒడ్డు గిట్టల గుంటలతో చిత్తడైంది. ఎన్నాళ్ళకో ఆమెకు అన్నం సహించింది.

మృగశిర కార్తెలో కుంభవృష్టి కురిసింది. తొక్కుడుపడిన ఒడ్డు ముద్దలు ముద్దలుగా కరిగి, వాగు అక్కడే దారి మళ్ళి దిగువ తోటను కొట్టింది. తెల్లారేసరికి సుబ్బరత్నమ్మ చిన్నరసాల చెట్లు రెండు వాగులో పడున్నాయి.

కనకమ్మ వచ్చి వాటి పక్కన నిలబడింది. "కంప లాగిన గుర్తులు చూశాను అక్కయ్యా. ఎవరు లాగారు?"

"నేనే."

"ఎందుకూ?"

"నీ ఒడ్డు పచ్చగా ఉందని."

కనకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయిదేళ్ళు పెంచాను," అంది. పడిన చెట్ల వేళ్ళవైపు చూసి, "మిగిలిన దుబ్బులు విడదీసి పంపిస్తాను, నాటించండి. మీ ఒడ్డు ఇలా కోసుకుంటూ పైకొస్తే నాదీ నిలవదు," అనేసి వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. ఇప్పుడు మంచితనం కూడా దాని సొంతమే అయిందని సుబ్బరత్నమ్మ కుమిలిపోయింది. అయినా గేదెల్ని దొడ్లో కట్టించి, దుబ్బులన్నీ తన చేత్తోనే నాటింది. ఎక్కడివని వీరభద్రరావు అడిగితే, "చింతలపూడి నుంచి తెప్పించానండీ," అని చెప్పింది.

రెండు వానాకాలాలకు ఒడ్డు నిలబడింది, మడుగులో నీళ్ళు ఆగాయి. ఆమె మాత్రం రోజూ కంచె దాకా నడిచేది, ఎగువ గడ్డి తన గడ్డికన్నా బెత్తెడు ఎక్కువ లేచిందేమో చూసుకోవడానికి.