సరస్వతక్క జమానతు

మనుషులు కనబడని బజారు ఒకటి ఉంటుందని సరస్వతక్క చెప్పేదాకా వీరలక్ష్మికి తెలియదు. ఆ బజారు కంప్యూటర్‌లో ఉంటుంది. ఎక్కడో అమెరికాలో ఉన్నవాళ్లు, లండన్‌లో ఉన్నవాళ్లు తమకు ఫలానా విషయం మీద ఇంగ్లిషులో వ్యాసం కావాలని అక్కడ రాసి పెడతారు. రాయగలిగినవాళ్లు ఏ దేశంలో ఉన్నా సరే, మేం రాస్తామంటే మేం రాస్తామని వెంటబడాలి. పని నచ్చితే పేరు పక్కన నక్షత్రాలు పెడతారు, ఐదుకు ఐదు. నక్షత్రాలు లేనివాళ్ల మొహం ఎవరూ చూడరు. పని చేస్తే గానీ నక్షత్రాలు రావు, నక్షత్రాలు ఉంటే గానీ పని రాదు. ఇదెక్కడి న్యాయమని ఎవరినడుగుతాం? అడగడానికి అక్కడ మనిషుంటే కదా!

రెండు వేల ఏడో సంవత్సరం అది. పటాన్‌చెరులో కాశీనాథ్ సేటు పిండిగిర్ని మీది గదిలో సరస్వతి ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. సరస్వతి ఆ సేటు కూతురే. జహీరాబాద్‌లో అత్తగారింటి నుంచి ఒక సూట్‌కేసు పట్టుకుని వచ్చేసింది. ఎందుకు వచ్చిందో ఆమె చెప్పలేదు, చెప్పనందుకు బజారంతా తలా ఒక కథ అల్లుకుంది. కాశీనాథ్ మాత్రం ఒక్కటే మాట అన్నాడు. "నీ ఖర్చు నువ్వు ఎల్లదీసుకున్నన్ని దినాలు మీది రూము నీది. లేకుంటే కంది బస్తాలేసుకుంట." అంత మాటన్నది తండ్రేనా అంటే తండ్రే, వ్యాపారస్తుడు మరి.

ఆ గదిలో నాలుగు కంప్యూటర్లు. పిల్లలు పరీక్షల రిజల్టులకూ, ఫ్యాక్టరీల్లో పనిచేసే బీహారువాళ్లు రైలు టికెట్లకూ వచ్చేవారు. దాంతో కరెంటు బిల్లు కూడా రాదు. సరస్వతి బతికింది రాతల మీద. ఆ కనబడని బజారులో ఆమెకు మంచి పేరుంది, పేరు పక్కన నక్షత్రాలున్నాయి, అడిగి మరీ పనిచ్చేవాళ్లున్నారు. కింద గిర్ని ఆడుతుంటే బల్ల అదిరేది, కీబోర్డు మీద పిండి పేరుకునేది. పైట చెంగుతో దులుపుకుంటూ రాసుకునేది ఆ మహాతల్లి.

వీరలక్ష్మి సంగారెడ్డి కాలేజీలో డిగ్రీ చదివింది. వాళ్ల నాయిన పెంటయ్యకు ఒకప్పుడు నాలుగెకరాలుండేవి. ఆ చేలోనే లేచిన ఫ్యాక్టరీకి ఇప్పుడు ఆయన వాచ్‌మన్. ఉద్యోగాల దరఖాస్తులు పంపుకోవడానికి సెంటర్‌కు వచ్చే ఈ పిల్లను చూసి సరస్వతికి ఏం అభిమానం పుట్టిందో గానీ, కిరాయి తీసుకోవడం మానేసి పక్కన కూర్చోబెట్టుకుంది. బజారులో ఖాతా తెరిపించింది. తన వ్యాసాలు చదవమని ఇచ్చింది.

"సూసి నేర్సుకో పిల్లా. నా మాటలు దించకు, నీ మాటలు నువ్వు రాయి. ఎవల చెయ్యి వాళ్లకుంటది," అంది.

ఖాతా తెరిచిన వారానికే సైటు వాళ్ల నుంచి సరస్వతికి ఉత్తరం వచ్చింది. నాలుగు కంప్యూటర్లకూ కనెక్షన్ ఒకటే కాబట్టి వాళ్లకు ఇద్దరూ ఒక చోటి నుంచే కనిపిస్తున్నారు. ఒక మనిషే రెండు పేర్లు పెట్టుకుందా అని వాళ్ల అనుమానం. అలా పెట్టుకోవడం అక్కడ పెద్ద నేరం. సరస్వతి నవ్వి అప్పటికప్పుడే జవాబు కొట్టింది.

"ఏం రాసినవక్కా?" అని భయంభయంగా అడిగింది వీరలక్ష్మి.

"ఏం రాస్త? గా పిల్ల వేరే, నేను వేరే, మంచి పిల్ల, నాది జమానత్ అని రాసిన. ఇగ నువ్వు నా ఇజ్జత్ తియ్యకు మల్ల," అని నెత్తిన చిన్నగా మొట్టింది.

ఆ మొట్టికాయ వీరలక్ష్మికి ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేం. తన కోసం ఎవరైనా పూచీ పడటం ఆమెకు అదే మొదలు.

పని మాత్రం రాలేదు. ఎండాకాలం పోయింది, వానలు మొదలయ్యాయి. ఎంత తక్కువకు రాస్తానన్నా జవాబిచ్చేవాడు లేడు. ఇంట్లో పెంటయ్య ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు తేల్చేశాడు. "దసరా దాంక సూస్త. ఆనంక మందుల కంపెనీల ప్యాకింగుకు పోవాలె. సూపర్‌వైజర్‌తోని మాట్లాడిన." తల్లి దేవమ్మది కూడా అదే మాట. ప్యాకింగులో పొద్దంతా నిలబడి సీసాలు డబ్బాల్లో పెట్టే తన వయసు ఆడపిల్లల్ని వీరలక్ష్మి రోజూ చూస్తూనే ఉంది. దానికేనా తను ఇంత చదివింది!

దసరా ఇంకెంతో దూరం లేదనగా ఒక తోటల పత్రికవాడు ఆమెకు జవాబిచ్చాడు. తక్కువ నీళ్లతో మొక్కలు పెంచడం మీద వ్యాసాలు కావాలి, ముందు మచ్చుకు ఒకటి పంపు, సాయంత్రంలోగా చూసి పనిస్తానన్నాడు. ఆ రోజు సరస్వతి మేనమామ కూతురి పెళ్లికి వెళ్లింది. వీరలక్ష్మి రాయడానికి కూర్చుంది. రెండు ముక్కలు రాసింది, కొట్టేసింది. మళ్లీ రాసింది. ఇంతలో కరెంటు పోయింది. వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, రాసిందంతా పోయింది.

సరస్వతక్క చదవమని ఇచ్చిన వ్యాసాల్లో సరిగ్గా అలాంటిదే ఒకటుంది. వాళ్ల నాయనమ్మ నిమ్మచెట్టు మొదలు దగ్గర, అడుగున సన్నటి బెజ్జం పెట్టిన కుండను పాతి, దాన్నిండా నీళ్లు పోసి, ఎండలు మండిపోతున్నా చెట్టును ఎలా కాపాడుకుందో రాసిన వ్యాసం. చదువుతుంటే ఆ తడిమట్టి వాసన వస్తుంది. వీరలక్ష్మి దాన్ని తెరిచింది. ఉత్త మచ్చుకే కదా అనుకుంది. పని వచ్చాక అన్నీ నేనే రాస్తాను కదా అనుకుంది. సరస్వతి పేరు తీసి తన పేరు పెట్టి పంపేసింది.

పని వచ్చింది! ఆ తర్వాతి వ్యాసాలన్నీ నిజంగా తనే రాసింది. రాత్రింబవళ్లు అదే ధ్యాస. బాగా రాసింది కూడా, అదే కదా బాధ. పత్రికవాడు మెచ్చుకుని ఐదుకు ఐదు నక్షత్రాలిచ్చాడు. సరస్వతి గిర్ని కుర్రాడితో మిర్చి బజ్జీలు తెప్పించి, సెంటర్‌లో ఉన్న బీహారువాళ్లకు కూడా పంచింది. "మా పిల్ల గెలిచింది, తినుండ్రి భాయ్," అని గదంతా తిరిగింది. వీరలక్ష్మి తన బజ్జీని కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది. ఆ క్షణాన చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది! నాలుగు తిట్లతో పోయేది.

పది రోజులకు పత్రికవాడు ఆ కుండ వ్యాసాన్ని వేరే చోట సరస్వతి పేరుతో చూశాడు. సైటుకు ఫిర్యాదు చేశాడు. వాళ్లు ఇద్దరి ఖాతాలూ ఆపి, ఇద్దరికీ ఉత్తరం పంపారు. ఈ వ్యాసం ఎవరిది? ఒకరు ఇంకొకరిది తీసుకుని ఉంటే తీసుకున్నవాళ్ల ఖాతా మూసేస్తాం, రెండోవాళ్లది తెరుస్తాం. లేదంటే మీరిద్దరూ ఒకరే అనుకోవలసి వస్తుంది. అంత విప్పి చెప్పారు పాపం.

సరస్వతి ఆ ఉత్తరాన్ని చివరిదాకా చదివింది. తర్వాత కుర్చీ ఇటు తిప్పి వీరలక్ష్మి ముఖంలోకి చూసింది. కింద గిర్ని ఆగి ఉంది.

"వీరలక్ష్మీ, నువ్వేమన్న పంపినవా? పంపితే పంపిన అని చెప్పు. నేనేమన."

వీరలక్ష్మికి కళ్ల ముందు నక్షత్రాలు కనిపించాయి, సీసాలు కనిపించాయి. "లే అక్కా," అంది. "ఒట్టు, నాకేం తెల్వది."

"సరే," అంది సరస్వతి. అటు తిరిగి జవాబు రాసింది. ఆ పిల్ల తీయలేదు, ఎక్కడో పొరపాటు జరిగింది, మేమిద్దరం వేరు వేరు, ఆమెకు నేను ఇదివరకే పూచీ ఇచ్చాను, ఇప్పుడూ ఇస్తున్నాను అని రాసింది.

ఇద్దరూ ఒకరేనని వాళ్లు తేల్చేశారు. రెండు ఖాతాలూ మూసేశారు, మళ్లీ తెరిచేది లేదన్నారు. సరస్వతి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పేరు, అడిగి మరీ పనిచ్చే మనుషులు, అన్నీ ఒక్క పూటలో పోయాయి. వేరే చోట మొదలుపెడదామని ఆమె కొన్నాళ్లు తిప్పలు పడింది. నక్షత్రాలు లేనివాళ్ల సంగతి తెలిసిందేగా. సంక్రాంతి దాటాక కాశీనాథ్ కంప్యూటర్లు అమ్మించి గదిలో కంది బస్తాలు వేయించాడు. సరస్వతి కిందికి దిగి గిర్ని దగ్గర కాటా ముందు కూర్చుంది.

వీరలక్ష్మి ప్యాకింగుకు పోయింది. దేనికి భయపడి అబద్ధమాడిందో అక్కడికే చేరింది. కాళ్ల నొప్పులు అలవాటయ్యాయి గానీ "సరే" అన్న ఆ మాట అలవాటు కాలేదు. సీసా చేతికొచ్చినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. వీళ్లింటి జొన్నలు గిర్నీకి దేవమ్మే తీసుకెళ్లేది. ఏడాది గడిచాక ఒక ఆదివారం, ఇక ఉండబట్టలేక, వీరలక్ష్మే డబ్బా నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

గిర్నీలో సరస్వతి తప్ప ఎవరూ లేరు. ఆమె కనుబొమల మీద పిండి. జొన్నలు తూచి గిర్నీలో పోసింది. పిండి పట్టి ఆపాక వీరలక్ష్మి నోరు విప్పింది.

"అక్కా, గా కుండ వ్యాసం..."

"ఎరుకే," అంది సరస్వతి.

"నేనే పంపిన అక్కా."

"ఎరుకంటున్న గదా. నాకొచ్చిన ఉత్తరం ఎంబడి నువ్వు పంపిన కాయితం గూడ పెట్టిన్రు. మా నాయనమ్మ నిమ్మచెట్టు, కింద నీ పేరు. ఆ దినమే సూసిన."

"మరి ఎరికుండి గట్లెందుకు రాసినవక్కా? నా మీదికే రాసేదుండె. నీ ఖాతన్న మిగులుతుండె."

"అందుకే నిన్నడిగిన. నీ నోటితోని ఒక్క మాట ఇంటే సాలనుకున్న, ఆనంక ఏదో ఒకటి జేద్దుము. నువ్వు లేదంటివి. నేనే జమానత్ ఉండి, పరాయోళ్ల ముంగట నిన్ను దొంగ అని ఎట్ల రాయాలె? మనసొప్పలే." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వీరలక్ష్మి కాళ్ల మీద పడి ఏడ్చేది, అంత మాత్రం ఊరట అయినా దక్కేది.

సరస్వతి పిండి డబ్బా మూత బిగించి కాటా మీంచి దించింది.

"తీస్కపోండ్రమ్మా," అంది. "ఏడిగున్నది, ఇంటికి పోయినంక మూత తీసి ఆరబెట్టుండ్రి."

గిర్నీకి వచ్చే ఆడవాళ్లందరికీ ఆమె చెప్పే మాటే అది. వీరలక్ష్మి డబ్బా నెత్తికెత్తుకుంది. వెనక నుంచి "ఏందే పిల్లా" అని పిలుస్తుందేమోనని సందు మలుపు దాకా మెల్లగా నడిచింది. గిర్ని మళ్లీ ఆడటం మొదలైంది, ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.